పువ్వు ఎండిందని గుజ్మేనియాని పారెయ్యకండి

పర్లాకిమిడి నుంచి అడిగారు కదా, దీపావళికి కొన్న గుజ్మేనియా అనే కుండీ మొక్క ఎర్ర పువ్వు గోధుమరంగుకి తిరిగి ఎండిపోతోంది, అడుగు ఆకులు పసుపు పడ్డాయి, రోజూ చెంబుడు నీళ్లు పోస్తున్నా తేరుకోవట్లేదు, పారేసి ఇంకోటి తెచ్చుకోనా అని. పారెయ్యకండి. నేను గుణుపురంలో తొమ్మిదేళ్లుగా ఈ జాతి మొక్కలు పెంచుతున్నాను. నా మొదటి మొక్క కూడా ఇలాగే అయితే చచ్చిపోయిందనుకుని పెరట్లో చెత్తకుప్ప మీద వేసేశాను. నాలుగు రోజుల తర్వాత పక్కింటి మౌసీ దాన్ని చేత్తో పట్టుకొచ్చి, అడుగున ఆకులు విడదీసి చూపించింది. లోపల బొటనవేలంత పచ్చటి పిలక!

"ఇది మా సపురి గొఛొ లాంటిదే కదమ్మా" అంది. ఒడియాలో సపురి అంటే అనాస, గొఛొ అంటే చెట్టు. వాళ్ల పుట్టింటివాళ్లు కొండ వాలులో అనాస వేసేవారట. ఈ మొక్కల కుటుంబానికి ఉన్న బ్రోమెలియాడ్ అన్న పేరు ఆవిడ ఎప్పుడూ విని ఉండదు, కానీ చెప్పింది అక్షరాలా నిజం. అనాస, గుజ్మేనియా రెండూ ఒకే కుటుంబం, రెండూ అమెరికా ఖండాల నుంచి వచ్చినవే. అరటి చెట్టు ఒక్క గెల వేసి, పక్కన పిలకల్ని నిలబెట్టి తాను పోతుంది చూడండి, వీటిదీ అదే పద్ధతి. ఒక్కో మొక్క జీవితంలో ఒక్కసారే పూస్తుంది. ఆ తర్వాత నెలల తరబడి మెల్లగా వాడుతూ, తనలో ఉన్న బలమంతా పిల్లలకి ఇస్తుంది. మీరు చూస్తున్న ఎరుపు కూడా నిజానికి పువ్వు కాదు, కాగితం పూలకి ఉన్నట్టే రంగు తిరిగిన ఆకులు. అసలు పూలు వాటి మధ్య చిన్నగా వచ్చి కొద్దిరోజుల్లో రాలిపోయి ఉంటాయి. అందుకే ఆ రంగు రెండు మూడు నెలలు నిలిచింది. ఇప్పుడు ఎండిన కాడని కత్తెరతో కిందికంటా కోసెయ్యండి.

పువ్వు ఎండడం సహజమే. నాకు భయంగా ఉన్నది మీరు పోస్తున్న ఆ రోజూ చెంబుడు నీళ్ల గురించి. అడుగు ఆకు ఒకటీ అరా పసుపు పడితే వయసు అనుకోవచ్చు. మట్టి ఎప్పుడూ తడిగా ఉండి నాలుగైదు ఆకులు ఒకేసారి పడ్డాయంటే వేరు కుళ్లుతున్నట్టే. నడిమి ఆకుని రెండు వేళ్లతో మెల్లగా పైకి లాగి చూడండి. గట్టిగా ఉంటే బతుకుతుంది. ఊడి చేతికొచ్చి, దాని మొదలు గోధుమరంగు గుజ్జులా వాసన కొడితే గుండె కుళ్లింది. అప్పుడు కూడా పారెయ్యకుండా ఆరబెట్టి ఉంచండి, పక్కనుంచి పిలక రావచ్చు.

ఈ మొక్కలు పుట్టినచోట చాలావరకు చెట్టు కొమ్మల మీద ఉంటాయి. బదనికలాగా చెట్టు రసం పీల్చవు, ఊరికే పట్టుకుని కూర్చుంటాయి. వేరు పని ముఖ్యంగా పట్టు కోసం. నీళ్లు తాగేది ఆకు మొదట్లో ఉండే సన్నటి పొలుసులు. ఆకులన్నీ కలిసి నడుమ దొన్నెలా అవుతాయి కదా, వాన నీళ్లు అందులో నిలుస్తాయి, మొక్క అక్కణ్ణుంచే తాగుతుంది. మనమేమో ఎర్రమట్టి, పేడ ఎరువు కలిపి కుండీ నింపి, ఆ మట్టికి నీళ్లు పోస్తాం. నేను ఇప్పుడు మట్టి అసలు వాడను. కొబ్బరి డొక్కని అంగుళం ముక్కలుగా కోసి, రెండు మూడు సార్లు నీళ్లు మార్చి నానబెట్టి, బొగ్గు ముక్కలు, ఇటుక పెళ్లలు కలిపి చిన్న కుండీలో వేస్తాను. పోసిన నీళ్లు ఆగకుండా దిగిపోవాలి. దొన్నెలో సగం నీళ్లు, కుండీలో కొంచెం చెమ్మ, అంతే చాలు. బోరు నీళ్లయితే ఆకు మీద తెల్లటి సున్నం పొర కడుతుంది. డాబా గొట్టం కింద డ్రమ్ము పెట్టి వాన నీళ్లు పట్టుకోండి, మూత మటుకు తప్పకుండా వెయ్యండి.

మూత అన్నానంటే, దోమల గురించి చెప్పాలి. మన వైపు మలేరియా అంటే ఎవరికీ చెప్పక్కర్లేదు. డెంగీ దోమ సరిగ్గా ఇలాంటి చిన్న, తేట నీళ్లలోనే గుడ్లు పెడుతుంది. గుడ్డు దోమ కావడానికి వారం, పది రోజులు పడుతుంది. అందుకని ఐదు రోజులకోసారి కుండీ ఎత్తి ఒంపేసి, కొత్త నీళ్లు పోస్తాను. పసిపిల్లలున్న ఇంట్లో ఇది ఒక్కసారి కూడా మానొద్దు. ఇలా మారిస్తే దొన్నెలో నీళ్లు కుళ్లవు కూడా.

ఇంకొక మాట, ఇది నా కళ్లారా చూసి ఏడ్చిన సంగతి. ఆకుల మీద మచ్చలొచ్చాయని టమాటా మొక్కలకి కొట్టే కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే రాగి మందు కలిపి వీటికీ కొట్టాను. రెండు వారాల్లో మూడు మొక్కల నడుములు నల్లబడి పోయాయి. రాగి ఈ కుటుంబానికి విషం. ఆ రోజు నుంచి రాత్రి రాగి బిందెలో నిలవున్న నీళ్లు కూడా వీటికి పొయ్యను.

ఏప్రిల్, మే నెలల్లో మన వడగాలికి గుజ్మేనియా తట్టుకోదు. ఉత్తరం కిటికీ దగ్గరకి జరిపి, కింద పళ్లెంలో గులకరాళ్లు, నీళ్లు పెట్టండి. కుండీ ఆ రాళ్ల మీద ఉండాలి, నీళ్లలో మునగకూడదు. కొరాపుట్‌లో ఉన్న మా చెల్లికి ఈ బాధ లేదు, దానికి చలికాలం బాధ. పది డిగ్రీల కిందికి దిగే రాత్రుళ్లు కుండీలన్నీ వంటింట్లోకి తెచ్చుకుంటుంది.

పిలక కనబడగానే విడదీయాలని తొందరపడకండి. నేను ఒకసారి వేలంత ఉండగానే కోశాను, వేరు లేక నెలకే పోయింది. ఈ కుటుంబంలో మిగతావి తల్లి ఎత్తులో మూడో వంతు, గుజ్మేనియా అయితే సగం వచ్చాక, శుభ్రమైన చాకుతో తల్లిని ఆనుకుని కోసి, ఒక రోజు నీడన ఆరబెట్టి, పైపైనే నాటండి. లోతుగా నాటితే కుళ్లుతుంది. కదలకుండా పుల్ల కట్టండి.

ఆ పిలక పూయడానికి నా దగ్గర రెండేళ్లు పట్టింది. పూర్తిగా ఎదిగి కూడా పూయకపోతే దొన్నెలో నీళ్లు ఒంపేసి, బాగా పండిన ఆపిల్ ఒకటి పక్కన పెట్టి, మొక్కనంతా ప్లాస్టిక్ కవరుతో మూసి వారం పది రోజులు నీడలో ఉంచండి. మామిడికాయలు గడ్డిలో మాగేసేటప్పుడు మధ్యలో ఒక పండు పెడతాం కదా, ఆ పండు వదిలే ఎథిలీన్ వాయువే ఇక్కడా పని చేస్తుంది. అనాస రైతులు తోటంతా ఒకేసారి పూయించడానికి ఎథ్రెల్ అనే ఎథిలీన్ వదిలే మందు కొట్టేది కూడా దీనికోసమే. నాకు మూడో నెలకి నడుమ ఎరుపు కనిపించింది.

రేపు పొద్దున్న వెలుతురులో అడుగు ఆకులు ఒక్కొక్కటిగా కిందికి వంచి చూడండి. పిలకలు ఒకోసారి ఆకుల సందుల్లోనే దాక్కుంటాయి. నడిమి ఆకు లాగితే ఏమైందో, కుండీలో ఏం వేశారో కూడా రాసి ఫొటో పెట్టండి, మిగతాది చూసి చెప్తాను.