మా ఆక్సోలాటల్ పైకొచ్చి గాలి మింగుతోంది, తొట్టి అద్దం వెంట తిరుగుతోంది. ఇది ఆటా, జబ్బా? (విశాఖపట్నం)

గాలి మింగడానికి కంగారు పడకండి. ఆక్సోలాటల్ చేప కాదు, కప్పలాంటి ఉభయచరం; దానికి మొప్పలతో పాటు ఊపిరితిత్తులూ ఉంటాయి. అప్పుడప్పుడు పైకొచ్చి ఒక గుక్క పీల్చి, బుడగ వదిలి కిందికి దిగిపోతుంది. ఆవులించడం, తిండి అనుకుని పక్కదాని కాలు కొరకడం కూడా మామూలే. తెగిన కాలు మళ్లీ మొలుస్తుంది లెండి, అయినా చిన్నవాటిని విడిగా ఉంచండి.

అద్దం వెంట అదే పనిగా తిరగడమే నాకు అనుమానం. మొప్పల కుచ్చులు ముందుకు వంగాయా, తోక కొస కొక్కెంలా మెలిపడిందా, తిండి మానేసిందా చూడండి. అలా ఉంటే ముందు థర్మామీటర్ పెట్టండి. మెక్సికోలోని షోచిమిల్కో సరస్సు చల్లనీళ్ల జీవి ఇది. 16-18 డిగ్రీలైతే హాయి, 24 దాటితే ప్రమాదం. విశాఖ వేసవిలో ఏసీ లేని గదిలో నీళ్లు 30కి అటూఇటూగా ఉంటాయి. ఫ్యాన్ పెట్టమంటారు గానీ, మన సముద్రపు ఉక్కపోతలో నీరు ఆవిరయ్యేదే తక్కువ, కాబట్టి చల్లబడేదీ తక్కువే. చిల్లర్ (నీళ్లను చల్లబరిచే యంత్రం) కొనక తప్పదు. నీళ్లలో అమ్మోనియా (దాని వ్యర్థాల నుంచి చేరే విషం) కూడా పరీక్షించండి, సున్నా ఉండాలి.

అడుగున గులకరాళ్లుంటే ఇవాళే తీసేయండి. తిండితో పాటు లోపలికి లాగేసుకుంటుంది, పేగుకి అడ్డం పడతాయి.