పరిశోధన డేటాను ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ డేటాబేస్‌లో పెట్టవచ్చా?

సీ ప్లస్ ప్లస్ సిమ్యులేషన్ నుంచి వచ్చే టెరాబైట్ల డేటాను ఆబ్జెక్టుల రూపంలోనే ఆబ్జెక్ట్ డేటాబేస్‌లో దాచవచ్చా అని అడిగారు. కణ భౌతికశాస్త్ర డేటా విశ్లేషణలో చాలాకాలం పనిచేసినవాడిగా నా సలహా: వద్దు.

ఇది కొత్త ఆలోచనేమీ కాదు. యూరప్‌లోని కణ భౌతిక పరిశోధన సంస్థ సెర్న్ 1995లోనే ఆర్‌డీ45 అనే ప్రాజెక్టు పెట్టి దీన్ని పరీక్షించింది. అమెరికాలోని స్లాక్ పరిశోధనశాలలో 1999లో డేటా సేకరణ మొదలుపెట్టిన బాబార్ ప్రయోగం ఆబ్జెక్టివిటీ అనే ఆబ్జెక్ట్ డేటాబేస్‌లో వందల టెరాబైట్లు నింపింది. అంటే పరిమాణం అడ్డం కాలేదు. అయినా తర్వాత ఈవెంట్ల (ఒక్కో కణాల ఢీ ఒక ఈవెంట్) డేటాను, సెర్న్‌లో పుట్టిన డేటా విశ్లేషణ సాఫ్ట్‌వేర్ రూట్ ఫైళ్లలోకి మార్చుకున్నారు. ఆబ్జెక్ట్ డేటాబేస్‌ల వ్యాపారం అనుకున్నంత పెరగకపోవడంతో సెర్న్ కూడా కంపాస్ ప్రయోగం డేటాను, దాదాపు 300 టెరాబైట్లు, ఒరాకిల్ డేటాబేస్, మామూలు ఫైళ్లు కలిసిన వ్యవస్థకు తరలించింది. ఆ తరలింపు చేసినవాళ్ల ఓపికకు దండం పెట్టాలి!

అసలు చిక్కు చదివే తీరులో ఉంది. ఒక్కో ఈవెంట్‌లో వందల విలువలుంటాయి. నేను గీయాల్సిన హిస్టోగ్రామ్‌కు మాత్రం మ్యూయాన్లు అనే కణాల తిర్యక్ ద్రవ్యవేగం (పుంజానికి అడ్డదిశలో ఉన్న ద్రవ్యవేగం) ఒక్కటి చాలు. దానికోసం కోట్ల ఆబ్జెక్టులను పూర్తిగా మెమరీలోకి తేవడం దండగ. రూట్‌లో డేటాను దాచే టీట్రీ అనే నిర్మాణంలో ఒక్కో విలువకు ఒక్కో బ్రాంచి ఉంటుంది కాబట్టి, అడిగిన బ్రాంచిని మాత్రమే డిస్కు నుంచి చదువుతుంది.

రెండోది, డేటా బతికినంత కాలం కోడ్ బతకదు. ఒకసారి పాత రూట్ ఫైలు తెరిస్తే, ఈ క్లాసుకు డిక్షనరీ (దాని నిర్మాణాన్ని రూట్‌కు చెప్పే వివరణ) లేదంటూ వరుసగా హెచ్చరికలు వచ్చాయి. ఆ క్లాసులున్న లైబ్రరీ కొత్త కంపైలర్‌తో బిల్డ్ కాలేదు. అదే ఫైల్లో మామూలు ఫ్లోట్లుగా రాసిన బ్రాంచీలు మాత్రం ఏ లైబ్రరీ లేకుండానే చక్కగా తెరుచుకున్నాయి. ఆబ్జెక్ట్ డేటాబేస్ అయితే, క్లాసులకు తోడు ఆ డేటాబేస్ సాఫ్ట్‌వేర్ కూడా పనిచేస్తూ ఉండాలి. జావా వాళ్లు ఇష్టంగా వాడిన డీబీఫోర్ఓ అనే ఆబ్జెక్ట్ డేటాబేస్ అభివృద్ధి ఆగిపోయిన సంగతి తెలిసిందే కదా.

అందుకే అంకెలను హెచ్‌డీఎఫ్5 లేదా పార్కే అనే ఫైల్ ఫార్మాట్లలో పెట్టండి. ఏ రన్, ఏ పారామీటర్లు, ఏ కోడ్ వెర్షన్, ఏ ఫైలు అన్న వివరాలకు పోస్ట్‌గ్రెస్ అనే మామూలు పట్టికల డేటాబేస్‌లో ఒక చిన్న పట్టిక చాలు. డేటా కొన్ని గిగాబైట్లే అయి, ఆబ్జెక్టులు ఒకదాన్నొకటి పట్టుకుని అల్లుకుపోయి ఉండి, పైథాన్‌లో పని అయితే జోడీబీ అనే పైథాన్ ఆబ్జెక్ట్ డేటాబేస్ బాగానే ఉంటుంది.

మీ విశ్లేషణలో ఒక్కోసారి ఎన్ని కాలమ్‌లు చదువుతారో రాస్తే, రెండు ఫార్మాట్లలో ఏది నయమో చెబుతాను.