మైకు పట్టబోతున్న మేనకోడలికి

చిరంజీవి అమ్ములుకు మామయ్య ఆశీస్సులు.

టీవీలో క్రికెట్ తెలుగు కామెంటరీకి నిన్ను తీసుకున్నారని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పినప్పుడు గొంతు పూడుకుపోయి, కాసేపు ఏమీ అనలేకపోయాను. "ఏం మాట్లాడాలి మామయ్యా, టెన్షన్‌గా ఉంది" అని నువ్వు పెట్టిన మెసేజ్ రాత్రి చూశాను. పదేళ్లు ఆడినదానివి, మాట్లాడటానికి నీ దగ్గర కావలసినంత ఉంది. ఎప్పుడు ఆగాలో మాత్రం రాస్తాను. అది తెలియడానికి నాకు చాలా కాలం పట్టింది.

నేను రేడియో నుంచి టీవీకి వచ్చినవాణ్ని. రేడియోలో నాలుగు సెకన్లు ఆగితే సెట్టు పాడైందేమోనని జనం దాన్ని తట్టి చూస్తారు. ఆ అలవాటుతోనే టీవీలో మొదటి రోజంతా చెప్పుకుంటూ పోయాను. బౌలర్ వెనక్కి నడుస్తున్నాడు, చెమట తుడుచుకుంటున్నాడు, బ్యాట్స్‌మన్ గ్లవ్స్ సర్దుకుంటున్నాడు. ఇంటికొచ్చాక మీ అమ్మ, "అన్నయ్యా, అవన్నీ నాకూ కనపడుతూనే ఉన్నాయి. ఆ కుర్రాణ్ని అంత దూరంగా ఎందుకు నిలబెట్టారో, అదొక్కటీ చెప్పలేదేం?" అంది. నాకు దొరికిన మొదటి పాఠం అదే. ఆ తర్వాతే రిచీ బెనో కామెంటరీని శ్రద్ధగా వినడం మొదలుపెట్టాను.

ఆయన గురించి నువ్వు వినే ఉంటావు. ఆస్ట్రేలియా లెగ్ స్పిన్నర్. 28 టెస్టులకు కెప్టెన్‌గా ఉండి ఒక్క సిరీస్ కూడా ఓడలేదు. టెస్టుల్లో 2000 పరుగులు, 200 వికెట్లు రెండూ సాధించిన మొదటి ఆటగాడు. పేరు వస్తే మైకు అదే వస్తుందిలే అనుకోలేదు. ఇవన్నీ సాధించకముందే, 1956లో ఇంగ్లండ్ పర్యటన అయ్యాక లండన్‌లోనే ఆగి, బీబీసీలో మూడు వారాల శిక్షణ తీసుకున్నాడు. గుర్రప్పందేల కామెంటేటర్ పీటర్ ఓసల్లివన్ వెంట తిరిగి, ఆయన పందేనికి ముందు ఎలా తయారవుతాడో దగ్గరుండి చూశాడు. అప్పటికి బెనోకు పాతికేళ్లు. కొద్ది వారాలకే, అక్టోబరులో, మన మద్రాసులో 72 పరుగులిచ్చి 7 వికెట్లు తీశాడు. బంతి మీద అంత పట్టు ఉన్న మనిషి మాట కోసం మళ్లీ విద్యార్థిగా కూర్చున్నాడు. సిడ్నీలో 'ది సన్' పత్రికకు పోలీసు వార్తలు రాసిన అనుభవం కూడా ఉంది. తక్కువ మాటల్లో సంగతి చెప్పడం ఆయనకు అక్కడే అలవడిందని నా నమ్మకం.

1993 జూన్ 4, ఇంగ్లండ్‌లోని ఓల్డ్ ట్రాఫర్డ్ మైదానం. కామెంటరీలో బెనో. ఆస్ట్రేలియా లెగ్ స్పిన్నర్ షేన్ వార్న్ యాషెస్‌లో, అంటే ఇంగ్లండ్‌తో ఆడే టెస్టు సిరీస్‌లో, వేసిన మొట్టమొదటి బంతి. లెగ్ స్టంప్ బయట పడి, తిరిగి, ఇంగ్లండ్ బ్యాట్స్‌మన్ మైక్ గ్యాటింగ్ ఆఫ్ స్టంప్‌ను తాకింది. వీడియో వెతికి, కళ్లు మూసుకుని ఒకసారి, తెరిచి ఒకసారి విను. లెగ్ స్పిన్ గురించి అంత తెలిసినవాడు ఆ బంతి మీద పావుగంట ఉపన్యాసం ఇవ్వగలడు. ఇవ్వలేదు. గ్యాటింగ్‌కు ఏం జరిగిందో బొత్తిగా అర్థం కాలేదని, ఇప్పటికీ తెలియలేదని చెప్పి ఊరుకున్నాడు. స్టంపులు అందరూ చూశారు. ఆయన మన చూపును ఆ మనిషి ముఖం వైపు తిప్పాడు. బొమ్మలో ఉన్నదాన్ని మళ్లీ చెప్పకు, బొమ్మకు ఏదైనా కలపగలిగితేనే నోరు తెరువు అన్నది ఆయన పద్ధతి.

అలాగని మెత్తగా ఉండమని కాదు. 1981 ఫిబ్రవరి 1న మెల్బోర్న్‌లో మ్యాచ్ టై కావాలంటే చివరి బంతికి న్యూజిలాండ్‌కు 6 పరుగులు కావాలి. సిక్స్ కొట్టే వీలు లేకుండా ఆస్ట్రేలియా కెప్టెన్ గ్రెగ్ చాపెల్ తన తమ్ముడు ట్రెవర్ చేత బంతిని నేల మీద దొర్లింపజేశాడు. అది సిగ్గుచేటు, మళ్లీ జరగనివ్వకూడదని బెనో టీవీలోనే తేల్చి చెప్పాడు. తన దేశం, తాను నడిపించిన జట్టు. కోపంతో సరిపెట్టలేదు, కెప్టెన్ ఓవర్ల లెక్క తప్పాడని కారణం కూడా చెప్పాడు. నీకూ అలాంటి రోజు వస్తుంది. ఎవరేమనుకుంటారోనని నీళ్లు నమలకు.

కామెంటరీలో ఏ జట్టునూ "మనం" అనకూడదని కూడా ఆయన అనేవాడు. మన దగ్గర ఇది కష్టమే, నాకూ నోరు జారేది. క్యాచ్ వదిలేస్తే "ఘోరం", "విషాదం" అనడమూ ఆయనకు నచ్చేది కాదు. నిజమైన విషాదం జరిగిన రోజున ఇక ఏ మాట మిగులుతుంది చెప్పు?

ఇంగ్లిష్‌లో చెప్పేవాళ్లకు లేని ఇబ్బంది మనకొకటి ఉంది. మన వాక్యంలో క్రియ చివర వస్తుంది. "ఆఫ్ స్టంప్ బయట పడిన బంతిని కవర్స్ మీదుగా బౌండరీకి..." అనేలోపు బంతి తాడు దాటేస్తుంది. ఊళ్లో గట్టు మీద కూర్చుని చూసేవాళ్లను గమనించు. "కొట్టాడ్రా! గోడ అవతల పడింది" అంటారు. వాళ్లకు క్రియ ముందే వస్తుంది. నువ్వూ అంతే. "కొట్టాడు. కవర్స్ మీదుగా. ఫోర్." తర్వాత ఆగు. జనం అరుపులు వినపడనీ. రీప్లే వచ్చినప్పుడు ఆ బంతి ఎందుకు అలా పోయిందో నెమ్మదిగా చెప్పు. ప్రాసలూ పంచ్ డైలాగులూ ముందే రాసుకుని తీసుకెళ్లకు. అవి చేతిలో ఉంటే ఎక్కడ వాడదామా అని కళ్లు ఆట మీద నుంచి తప్పుకుంటాయి. నేను కళ్లారా చూశాను.

2005 సెప్టెంబరు, లండన్‌లోని ఓవల్ మైదానం. ఇంగ్లండ్‌లో బెనో టీవీ కామెంటరీకి చివరి రోజు. నలభై ఏళ్ల పైచిలుకు బంధం. ప్రేక్షకులకు వీడ్కోలు చెబుతున్నాడు. ఆ మాటల మధ్యలోనే ఆస్ట్రేలియా బౌలర్ మెక్‌గ్రాత్ బంతికి ఇంగ్లండ్ బ్యాట్స్‌మన్ కెవిన్ పీటర్సన్ బౌల్డ్ అయ్యాడు. తన వీడ్కోలు ఆపేసి, ముందు ఆ వికెట్ సంగతి చెప్పాడు. ఇది రాస్తుంటే ఇప్పటికీ నాకు కళ్లు చెమ్మగిల్లుతున్నాయి.

ఈ ఆదివారం ఏదైనా మ్యాచ్ పెట్టుకుని, సౌండ్ పూర్తిగా తీసేసి, ఐదు ఓవర్లు నువ్వే చెప్పి ఫోన్‌లో రికార్డ్ చెయ్యి. నాకు పంపు. మీ అమ్మను టీవీ ముందు కూర్చోబెట్టి అవే ఓవర్లకు నీ గొంతు వినిపిస్తాను. తను ఏ బంతి దగ్గర ముఖం చిట్లిస్తుందో రాసి పెడతాను.

నీ మామయ్య