క్రేన్లు కొలమానమా?

సందేహం: “నగరంలో నిర్మాణ కార్యకలాపాలకు క్రేన్లే కొలమానం” అన్న వాక్యం చదివాను. ‘కొలమానం’ సరైన మాటేనా? క్రేన్‌ను తెలుగులో కొంగ అనవచ్చా? క్రౌంచమే క్రేన్ అయిందని మా మిత్రుడి వాదన. నిజమేనా?

సమాధానం: చివరి ప్రశ్నతో మొదలుపెడతాను. నాకు సరదా దానిమీదే.

మీ మిత్రుడికి మంచి చెవి ఉంది, ఓపికే తక్కువ. రెండు మాటలు ఒకేలా వినబడగానే చుట్టరికం కలిపేయడం మనవాళ్లకు పాత అలవాటు. ఇంగ్లీషులో క్రేన్ మొదట ఒక పక్షి పేరు. దానికి గ్రీకులో గెరనోస్, లాటిన్‌లో గ్రూస్ దాయాదులు. అక్కడి గకారం ఇంగ్లీషు, జర్మన్ వంటి జర్మానిక్ భాషల్లో కకారమవుతుంది, కకారం హకారమవుతుంది. క్రౌంచంలో ఉన్నది మొదటినుంచీ కకారమే. ఆ లెక్కన అది ఇంగ్లీషుకు చేరితే హకారం కావాలి గాని మళ్లీ కకారంగా ఉండదు. అయితే రెండు పేర్లూ పక్షి కూతనుంచే పుట్టాయంటారు. గొంతు చించుకుని అరిచే పిట్టకు రెండుచోట్లా అరుపే పేరయింది. పోలిక అంతవరకే.

పక్షి పేరు యంత్రానికి ఎక్కడం మాత్రం చాలా పాతది. గ్రీకులు బరువులెత్తే సాధనాన్నీ గెరనోస్ అనే అన్నారు. ఫ్రెంచివాళ్ల గ్రూ నేటికీ పక్షీ యంత్రమూ రెండూను. జర్మన్లు యంత్రాన్ని క్రాన్, పక్షిని క్రానిష్ అని విడదీసుకున్నారు. వంశవృక్షాన్ని చెప్పే పెడిగ్రీ అన్న మాట కూడా ఈ పక్షి కాలినుంచే వచ్చింది. వంశపటంలో గీతలు చీలే తీరు ఫ్రెంచివాళ్లకు దాని కాలిగుర్తులా కనబడిందట.

ఇక కొంగ. దీనికి నేను ఒప్పుకోను. సంస్కృత నిఘంటువు అమరకోశంలో అమరసింహుడు ఒక్క అర్ధశ్లోకంలో ముగ్గురిని వేరుగా కూర్చోబెట్టాడు: “క్రుఙ్ క్రౌంచోఽథ బకః కహ్వః పుష్కరాహ్వస్తు సారసః”. క్రౌంచం వేరు, బకం వేరు, సారసం వేరు. బకం మన కొంగ. సారసం తెలుగులో బెగ్గురు. ఇంగ్లీషువాళ్లు క్రేన్ అనేది ఈ బెగ్గురు జాతినే. నిఘంటువు విప్పే ఓపిక లేకపోతే ఆకాశం వైపు చూడండి. కొంగ ఎగిరేటప్పుడు మెడను మడిచి భుజాల మధ్యకు లాక్కుంటుంది. బెగ్గురు మెడను బారుగా ముందుకు చాస్తుంది. టవర్ క్రేన్ చెయ్యి ఎవరి మెడలా ఉందో మీరే చెప్పండి. అయినా అనువాదాల్లో సారసమూ కొంగే, క్రౌంచమూ కొంగే. నీటి ఒడ్డున ఒంటికాలిమీద నిలబడితే చాలు, కొంగ అనేస్తున్నాం!

తెలుగు మాటే కావాలంటే నా మనసు నీళ్లు తోడే ఏతం మీదికి పోతుంది. నిట్రాట మీద అడ్డంగా పొడవాటి దూలం, ఒక కొసన బాన, రెండో కొసన దాన్ని పైకి లేపే బరువు. టవర్ క్రేన్‌కూ ఒకవైపు పొడుగు చెయ్యి, వెనకవైపు పొట్టి చెయ్యి, దానికి కాంక్రీటు దిమ్మెలు. 7వ శతాబ్దపు సెవిల్ బిషప్పు ఇసిడోర్ రాసినదాని ప్రకారం స్పెయిన్‌వాళ్లు తమ ఏతాన్ని సికోనియా అనేవారు. అదీ పొడుగుమెడ పక్షి పేరే! ఏతానికి తమిళంలో ఏఱ్ఱం చుట్టం. అది ‘ఎక్కు’ అనే అర్థమిచ్చే ధాతువునుంచి పుట్టింది. ఇంత చెప్పినా క్రేన్‌ను ఏతం అనమని శాసించను. క్రేన్ అన్నది పనివాళ్ల నోట ఎప్పుడో తెలుగైపోయింది. ‘భారోత్తోలక యంత్రం’ కన్నా వెయ్యి రెట్లు నయం.

‘కొలమానం’లో కొల తెలుగు, మానం సంస్కృతం, రెండూ కొలతే. తెలుగు ముక్కకు సంస్కృతం ముక్క అతికితే వైరిసమాసమని పాతవారు చిరాకుపడేవారు. నాకు అతుకుకన్నా అర్థంతోనే పేచీ. క్రేన్లు దేన్ని కొలుస్తున్నాయి? రైడర్ లెవెట్ బక్‌నల్ సంస్థ ఆస్ట్రేలియా, ఉత్తర అమెరికా నగరాల్లో క్రేన్లను లెక్కపెట్టి ప్రకటిస్తుంది. దానికి పెట్టిన పేరు ‘క్రేన్ ఇండెక్స్’, అంటే సూచి, కొలత కాదు. పునాదులు తవ్వేటప్పుడు చాలాచోట్ల టవర్ క్రేన్ ఇంకా రాదు, లోపలి పనులు సాగేటప్పుడు తరచు వెళ్లిపోయి ఉంటుంది. చిన్న ఇళ్లకు దాని అవసరమే ఉండదు. డబ్బాగి పని నిలిచిపోయినా అది ఆకాశంలో నిలబడే ఉంటుంది, లెక్కలో చేరుతుంది. లండన్‌లో డెలాయిట్ సంస్థ వెలువరించే ‘క్రేన్ సర్వే’ అయితే పేరుకే క్రేన్లది, అది లెక్కించేది కట్టుబడిలో ఉన్న ఆఫీసు భవనాలను.

సంస్కృతంలో సూచి అంటే సూది. అది ఎటో చూపుతుంది, ఎంతో చెప్పదు. అందుకే ఇక్కడ సూచి గాని, ఇంకా తేలిగ్గా ఆనవాలు గాని బాగుంటుంది. ‘నిర్మాణ కార్యకలాపాలు’ అన్నచోట కట్టుబడి అంటే మేస్త్రీకీ అర్థమవుతుంది. “కట్టుబడి జోరుకు క్రేన్లే ఆనవాలు” అనండి, వాక్యం సగం బరువు దిగుతుంది. కొలమానం అని రాసినవారిని తప్పుపట్టను, నిఘంటువులకు ఎక్కినా అభ్యంతరం చెప్పను. నేను మాత్రం రాయను.