కిబ్బర్ దాటాక ఊరుండదు తల్లీ

తల్లీ,

నువ్వు ఆదివారం పంపిన ప్లాన్ రెండుసార్లు చదివాను. హిమాచల్‌లోని కిబ్బర్ ఊరి నుంచి పరాంగ్ లా కనుమ దాటి లద్దాఖ్‌లోని సో మోరీరి సరస్సు దాకా, నలుగురు, నాంపల్లిలో రైలెక్కింది మొదలు లేహ్‌లో విమానం ఎక్కేదాకా పన్నెండు రోజులు. అందరూ ఎగబడే చోటు వదిలేసి ఆ దారి ఎంచుకున్నందుకు నాకు చాలా సంతోషమేసింది. కానీ మేనత్తగా కాదు, ఆ దారిలో నడిచిన మనిషిగా చెబుతున్నాను, ఈ పన్నెండు రోజుల లెక్కతో మాత్రం బయల్దేరొద్దు. కనీసం పంతొమ్మిది రోజులు పెట్టుకో. ఆఫీసులో సెలవు దొరక్కపోతే వచ్చే ఏడాది వెళ్లండి, కొండ ఎక్కడికీ పోదు.

నువ్వు రోజుకి ఎన్ని కిలోమీటర్లు నడుస్తారో చక్కగా వేశావు, ఏ రాత్రి ఎంత ఎత్తులో పడుకుంటారో మాత్రం ఎక్కడా రాయలేదు. మనం పుట్టి పెరిగిన హైదరాబాద్ 540 మీటర్ల ఎత్తులో ఉంది. కిబ్బర్‌కి ముందొచ్చే కాజా పట్నం 3,600 పైన, కిబ్బర్ 4,200 దగ్గర, పరాంగ్ లా 5,500 పైమాటే. 3,000 మీటర్లు దాటాక పడుకునే చోటు రోజుకి 500 మీటర్లకు మించి పెరగకూడదు, మూడు నాలుగు రోజులకోసారి ఒక రోజు ఆగాలి. నువ్వేమో మనాలి నుంచి ఒక్క రోజులో కుంజుమ్ కనుమ మీదుగా కాజా చేరి, మర్నాడు కిబ్బర్‌లో పడుకుని, ఆ మర్నాడే నడక మొదలుపెట్టావు. అలా కాకుండా సిమ్లా వైపు నుంచి వెళ్లండి. కల్పాలో ఒక రాత్రి, నాకోలోనో టాబోలోనో ఒక రాత్రి, కాజాలో రెండు, కిబ్బర్‌లో రెండు. బస్సు ప్రయాణం ఎక్కువే, నడుములు పట్టేస్తాయి, అయినా ఒళ్లు నెమ్మదిగా అలవాటు పడేది ఆ దారిలోనే.

ఇంకో సంగతి అసలు ఎవరూ ముందుగా ఆలోచించరు. తలనొప్పి తగ్గకపోతే, కూర్చున్నా ఆయాసం వస్తుంటే, కళ్లు తిరిగి అడుగు తూలుతుంటే, వెంటనే కిందికి దిగడమే మందు. చాలా ట్రెక్కుల్లో సాయంత్రానికి వెయ్యి మీటర్లు దిగిపోవచ్చు. పరాంగ్ లా దాటాక అలా దిగడానికి చోటే లేదు, నది వెంట రోజుల తరబడి నడిచినా ఎత్తు తగ్గేది కొంచెమే, చివరికి చేరే కోర్జోక్ ఊరు కూడా 4,500 పైనే ఉంటుంది. అందుకే కనుమ ఎక్కే ముందు రాత్రే తేల్చుకోవాలి. ఆ సాయంత్రం ఒక్కొక్కరినీ మడమకి బొటనవేలు ఆనించి ఒక గీత మీద పది అడుగులు నడవమను. ఎవరైనా తూలారా, ఇక వాదన లేదు, చీకటి పడినా సరే అప్పుడే వెనక్కి దించాలి, తోడుగా ఒకరు వెళ్లాలి. ఆ ఒక్కరు నువ్వే కావాల్సి రావచ్చు, దానికి ఇప్పుడే మనసు గట్టి చేసుకో. ఎత్తు పడకపోవడం రాకుండా వాడే డయామాక్స్ మాత్ర వేసుకోవాలనుకుంటే ఇక్కడే డాక్టర్‌ని అడుగు, సల్ఫా మందులు పడనివాళ్లకి అది ప్రమాదం.

ఇప్పుడు నది గురించి. కనుమ దాటాక నోర్బు సుమ్‌దో అనే చోట ‘పారే చు’ అనే నది దాటాలి. ఆ నది అక్కణ్ణుంచి టిబెట్‌లోకి వెళ్లి, తిరిగి మన దేశంలోకి వచ్చి స్పితి నదిలో కలుస్తుంది. 2005లో ఎగువన టిబెట్‌లో కొండచరియ వల్ల ఏర్పడ్డ చెరువు తెగి, కిన్నౌర్‌లో వంతెనలు కొట్టుకుపోయింది ఈ నది వరదకే. నేను వెళ్లినప్పుడు మేం అక్కడికి చేరేసరికి మధ్యాహ్నం మూడయింది. సామాన్లు మోసే గుర్రాల ఆయన ఒడ్డున జీను దించేసి, సుబే చలేంగే, పొద్దున వెళ్దాం అన్నాడు. మాకు మూడో రోజు లేహ్ నుంచి టికెట్లు ఉన్నాయి, ఒక్క రోజు కూడా అదనంగా పెట్టుకోలేదు. బతిమాలి, ఆయన మొహం మాడిపోయినా వినకుండా దిగాం. ఎండకి మంచు కరిగిన నీళ్లు కదా, మధ్యకి వచ్చేసరికి తొడల దాకా వచ్చింది, చలికి కాళ్లున్నాయో లేవో తెలియడం లేదు. నా ముందున్న స్నేహితురాలి కాలి కింద రాయి దొర్లింది. ఆమె బ్యాగు పట్టీ గుర్రాల ఆయన చేతికి అందింది కాబట్టి సరిపోయింది. స్లీపింగ్ బ్యాగు మొత్తం తడిసి, ఆ రాత్రి ఇద్దరం ఒక్కదాన్నే విప్పి కప్పుకుని కూర్చునే తెల్లవార్చాం. పొద్దున ఆరింటికి ఒడ్డుకి వెళ్లి చూస్తే నీళ్లు మోకాలి కింద ఉన్నాయి, ఆమె జారిన రాయి పైకి తేలి, ఎండి కనిపిస్తోంది. ఆ రాయి ఇప్పటికీ నా కళ్లముందే ఉంది.

కాబట్టి అదనంగా మూడు రోజులు ఉంచుకో, లేహ్ నుంచి టికెట్ ఆ తర్వాతి తేదీకి తీసుకో. గుర్రాలు కిబ్బర్‌లోనో కాజాలోనో మాట్లాడుకో, ఆ ఏడాది ఒక్కసారైనా ఆ కనుమ దాటిన మనిషిని వెతుక్కో. గుర్రాలు ఖాళీగా వెనక్కి వచ్చే రోజులకి కూడా డబ్బివ్వాలి, అది ముందే తేల్చుకుంటే చివర్లో గొడవ ఉండదు. జూలై మధ్య నుంచి సెప్టెంబర్ మొదటి వారం దాకా మంచి కాలం. సరిహద్దు ప్రాంతం కాబట్టి పర్మిట్ల రూల్స్ మారుతుంటాయి, కాజాలో అడిగాకే కదలండి.

తిండి దగ్గర మనవాళ్లు అందరూ పొరపాటు పడతారు. ఆ ఎత్తులో నీళ్లు 85 డిగ్రీలకే మరుగుతాయి, మామూలు గిన్నెలో ఎంతసేపు పెట్టినా కందిపప్పు ఉడకదు, అన్నం పలుకుగానే ఉంటుంది, గ్యాస్ మాత్రం అయిపోతుంది. నా మూడు లీటర్ల కుక్కర్ పట్టుకెళ్లు. అటుకులు, ఉప్మా రవ్వ వేయించి, సత్తుపిండి, నువ్వుండలు, కందిపొడి, చిన్న డబ్బాలో ఆవకాయ పెట్టుకో. పైన ఆకలి చచ్చిపోతుంది, నోటికి పుల్లగా ఏదైనా తగిలితేనే ముద్ద దిగుతుంది. గ్యాస్ డబ్బాలు రైల్లో గానీ విమానంలో గానీ తీసుకెళ్లొద్దు, అక్కడే కొనుక్కోండి.

ప్రాక్టీస్ రేపటి నుంచే. ట్రెడ్‌మిల్ చాలదు. వీపున పది కిలోలు వేసుకుని గోల్కొండ మెట్లు వారానికి మూడుసార్లు ఎక్కి దిగు, దిగేటప్పుడే మోకాళ్లు బలపడేది. ఆదివారాలు భువనగిరి గుట్టకి వెళ్లు, మన తెలంగాణ అమ్మాయి మాలావత్ పూర్ణ 2014లో పదమూడేళ్లకే ఎవరెస్ట్ ఎక్కే ముందు శిక్షణ మొదలుపెట్టింది ఆ బండ మీదే.

లద్దాఖ్‌లో మన ప్రీపెయిడ్ సిమ్ పనిచెయ్యదు, పోస్ట్‌పెయిడ్ తీసుకో. అయినా కిబ్బర్ దాటాక కోర్జోక్ దాకా సిగ్నల్ ఉంటుందని ఆశపడకు. అనుమతి లేకుండా శాటిలైట్ ఫోన్ వాడితే మన దేశంలో కేసవుతుంది, స్నేహితుడి దగ్గర ఉందని పట్టుకెళ్లొద్దు. అందుకని ఒక కాగితం రాయి. ఏ రాత్రి ఎక్కడ, గుర్రాల ఆయన పేరు, ఊరు, ఫోన్ నంబరు, మీ నలుగురి బ్లడ్ గ్రూపులు, ఏ తేదీ దాకా కబురు రాకపోతే నేను కాజాలో ఎవరికి ఫోన్ చెయ్యాలో. ఆ తేదీ అదనపు మూడు రోజులు కలిపి వెయ్యి, లేకపోతే మీ అమ్మ టెన్షన్‌తో నన్ను బతకనివ్వదు. శనివారం కుక్కర్ కోసం వచ్చినప్పుడు ఆ కాగితం తెచ్చివ్వు.

మీ అత్త