ఎండలు ముదిరినా పాన్‌లో ఆవిరి తగ్గిందెందుకు?

ప్రశ్న: ఉష్ణోగ్రతలు పెరుగుతున్నాయి కదా, నీరు ఎక్కువగా ఆవిరవ్వాలి. కానీ మన దేశంలో ఓపెన్ పాన్ (రోజుకు ఎన్ని మి.మీ. నీరు ఆవిరైందో కొలవడానికి ఆరుబయట పెట్టే గుండ్రటి నీటి తొట్టె) రీడింగులు దశాబ్దాలపాటు తగ్గాయని చదివాను. ఇదెలా సాధ్యం?
– ఒక డిగ్రీ విద్యార్థి, అనంతపురం

జవాబు: మీరు చదివింది నిజమే. శాస్త్రవేత్తలు చటోపాధ్యాయ్, హ్యూమ్‌లు 1961–92 మధ్య రికార్డులు పరిశీలించి 1997లో ఈ సంగతి ప్రకటించారు. గాలిలో తేమ పెరగడంతో దీనికి గట్టి సంబంధం కనిపించింది వాళ్లకు.

చిన్న లెక్క చూడండి. 35 డిగ్రీల దగ్గర గాలి పట్టగల ఆవిరి పీడనం 5.62 కిలోపాస్కల్స్. తేమ 40 శాతం ఉంటే ఇంకా 3.37 ఖాళీ. ఈ ఖాళీ ఎంత ఎక్కువుంటే నీరు అంత వేగంగా ఆవిరవుతుంది. అదే గాలి మరో డిగ్రీ వేడెక్కి, అందులో ఆవిరి ఏమీ పెరగకపోతే ఆ ఖాళీ 3.69 అవుతుంది, అంటే దాదాపు 9 శాతం ఎక్కువ. అయితే 36 డిగ్రీల దగ్గర తేమ 45 శాతానికి చేరితే ఖాళీ 3.27కి పడిపోతుంది. ఒక డిగ్రీ వేడి తెచ్చిన లాభం అయిదు శాతం తేమతో పోయిందన్నమాట. ముసురు రోజున బట్టలు ఆరకపోవడం తెలిసిందే కదా!

తేమ ఒక్కటే కాదు. ధూళి, పొగ వల్ల నేలకు చేరే ఎండ తగ్గడం ప్రపంచవ్యాప్తంగా పాన్ ఆవిరి తగ్గడానికి కారణమని శాస్త్రవేత్తలు రోడరిక్, ఫార్కర్ 2002లో వాదించారు. చాలాచోట్ల నేల దగ్గర గాలి వేగం తగ్గినట్టు కూడా తర్వాత తేలింది.

ఇంకో మెలిక ఉంది. పాన్ చుట్టూ కాలువ నీరు వచ్చి పొలాలు పచ్చబడితే అక్కడి గాలి చల్లబడి తేమెక్కుతుంది, పాన్ రీడింగు తగ్గుతుంది. పొలాల నుంచి పోయే నీరు మాత్రం అంతకంతకూ పెరుగుతుంది! అందుకే పాన్ తగ్గిందని పంటల నీటి ఖర్చు తగ్గిందనుకోకూడదు. పాత రిజిస్టరు చూసేటప్పుడు ఇంకొన్ని అడగండి: పాన్ చోటు మారిందా? పక్కన చెట్టు ఎదిగిందా? నాచు పట్టిందా? పక్షులు నీళ్లు తాగకుండా పాన్ మీద వైరు జాలీ ఎప్పుడు బిగించారు? జాలీ వేస్తే ఆవిరి తగ్గుతుంది. అది వాతావరణ మార్పేమీ కాదు.

ప్రశ్న: పాన్ రీడింగు నుంచి వేరుశనగకు ఎంత నీరు కావాలో ఎలా లెక్కకట్టాలి?
– ఒక రైతు, మహబూబ్‌నగర్

జవాబు: రోజుకు 8 మి.మీ. ఆవిరైందనుకోండి. పాన్ రీడింగును పొలం లెక్కకు మార్చే పాన్ గుణకం సాధారణంగా 0.7, కాబట్టి ప్రామాణిక ఈటీ (పొట్టి గడ్డి కమ్మిన నేల నుంచి, ఆకుల నుంచి ఆవిరిగా పోయే నీరు) 5.6 మి.మీ. ఆ గడ్డితో పోలిస్తే పంట ఎన్ని రెట్లు నీరు వాడుతుందో చెప్పేది పంట గుణకం; వేరుశనగ పూర్తిగా కమ్మిన దశలో అది 1.15. గుణిస్తే 6.4 మి.మీ. పైచిలుకు. ఎకరాకు ఒక మిల్లీమీటరంటే 4,047 లీటర్లు, కాబట్టి రోజుకు సుమారు 26,000 లీటర్లు. డ్రిప్‌లో పది శాతం వృథా పోతుందనుకుంటే 29,000 వదలాలి. మొలక దశలో గుణకం 0.4 మాత్రమే. అప్పుడు కూడా 1.15 వాడితే నీళ్లు వృథా. వాన పడ్డ రోజు ఆ మిల్లీమీటర్లు పాన్ లెక్కలోకి కలపడం మరిచిపోతే రీడింగు తక్కువ చూపుతుంది. 122 సెం.మీ. వ్యాసమున్న పాన్‌లో ఒక మిల్లీమీటరంటే 1.17 లీటర్లే, చిన్న లీకున్నా రీడింగు పాడవుతుంది.

ప్రశ్న: కార్బన్ డయాక్సైడ్ పెరిగితే ఆకుల రంధ్రాలు కొంత మూసుకుంటాయట. అప్పుడు నీరు ఆదా కాదా?
– ఒక ఉపాధ్యాయిని, విజయనగరం

జవాబు: ఆకు లెక్కన చూస్తే ఆదానే. కానీ ఆకుల విస్తీర్ణం పెరిగితే, గాలి మరింత పొడిబారితే ఆ ఆదా కరిగిపోతుంది. మరోపక్క వాతావరణ వివరాల నుంచి ప్రామాణిక ఈటీని లెక్కకట్టే 1998 నాటి ఎఫ్‌ఏఓ (ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ) పెన్‌మన్–మాంటీత్ సూత్రంలో పంట ఉపరితల నిరోధం, అంటే ఆకుల నుంచి ఆవిరి బయటికి పోవడానికి ఎదురయ్యే అడ్డు, మీటరుకు 70 సెకన్లని స్థిరంగా ఉంచేశారు. రాబోయే దశాబ్దాల ఈటీని ఆ సూత్రంతోనే లెక్కిస్తే ఆకులు చేసే ఈ సర్దుబాటు అందులో కనిపించదు, అంచనా ఎక్కువ పలుకుతుంది.