సోఫా దగ్గర ఇద్దరికీ కుదరడం లేదా? మాకు ఎలా కుదిరిందంటే

మీ వారికి పెద్ద ఎల్ షేప్ సోఫా కావాలి, మీకేమో హాలు ఖాళీగా, తేలిగ్గా కనిపించాలి, రెండు నెలలుగా ఇదే గొడవ అని రాశారు. మా ఇంట్లోనూ అచ్చం ఇదే జరిగింది. కాకపోతే పెద్ద సోఫా కోసం పట్టుబట్టింది నేను.

ముందుగా ఒక మాట. ఇద్దరికీ సగం సగం నచ్చే వస్తువు మాత్రం కొనకండి. డైనింగ్ టేబుల్ విషయంలో మేం అదే చేశాం. నాకు బరువైన చెక్క టేబుల్ ఇష్టం, మా ఆవిడకి చిన్న తెల్ల టేబుల్ ఇష్టం. చివరికి గొడవ తెగితే చాలని గాజు పలక ఉన్నది తెచ్చాం. గిన్నె పెట్టిన ప్రతిసారీ చప్పుడు, ఎంత తుడిచినా వేలిముద్రలు. ఏడాది తిరక్కుండానే అమ్మేశాం.

సోఫా దగ్గర నా పట్టు సడలింది షాపులోనే. నాకు నచ్చిన సోఫాలో సీటు లోతు, అంటే ముందు అంచు నుంచి వీపు ఆనే చోటు దాకా, 26 అంగుళాలు. నేను హాయిగా వెనక్కి వాలాను. మా ఆవిడ నాకంటే చాలా పొట్టి. వీపు ఆనిస్తే తన పాదాలు గాల్లో ఉంటున్నాయి, పాదాలు నేలకి ఆనిస్తే వీపు వెనక జానెడు ఖాళీ. ఏమీ అనకుండా హ్యాండ్‌బ్యాగ్ తీసి నడుం వెనక పెట్టుకుంది. అప్పటిదాకా తనది ఉత్త టేస్ట్ గొడవే అనుకున్నాను. రోజూ సాయంత్రం తను ఇలాగే కూర్చోవాలి కదా అని ఆ క్షణంలో తట్టింది, నిజంగా బాధేసింది.

అందుకే ఫోటోలు చూసి వాదించుకోకండి, ఇద్దరూ వెళ్లి కనీసం పది నిమిషాలు కూర్చోండి. వీపు ఆనినప్పుడు పాదాలు నేలమీద ఉండాలి, మోకాలి వెనక రెండు మూడు వేళ్లు పట్టే సందు ఉండాలి. మీ వారు పడుకుని టీవీ చూడాలనే పెద్దది అడుగుతున్నారేమో కనుక్కోండి. అలాగైతే చూడాల్సింది పడుకోవడానికి దొరికే పొడవు. బయటి కొలత ఏడడుగులు ఉన్నా, రెండు పక్కలా సోఫా చేతులు వెడల్పుగా ఉంటే లోపల మిగిలేది ఆరడుగులే.

ఇంటికొచ్చాక ఆ సోఫా కొలతకి పాత పేపర్లు నేలమీద పరిచి టేపు అంటించాం. రెండు రోజులు వాటిని తొక్కకుండా తిరిగాం. నేను కోరుకున్న ఎల్ షేప్‌లో పొడుగు భాగం బాల్కనీ తలుపుకి అడ్డొచ్చింది. ఇక నేను వాదించడానికి ఏమీ మిగల్లేదు. నడిచే దారి రెండున్నర, మూడు అడుగులు వదలాలి, సోఫాకీ టీపాయ్‌కీ మధ్య అడుగున్నర ఉంటే కాళ్లు తగలవు. గుమ్మం, లిఫ్టు, మెట్ల మలుపు కూడా కొలవండి.

చివరికి 21 అంగుళాల లోతున్న మూడు సీట్ల సోఫా, నేను కాళ్లు చాపుకోవడానికి విడిగా ఒక స్టూలు తీసుకున్నాం. సోఫా కోళ్లు ఎత్తుగా ఉన్నాయి. కింద నేల కనిపిస్తుంది కాబట్టి మా ఆవిడ అడిగినట్టే హాలు విశాలంగా ఉంది. మీకు కావాల్సిందీ బహుశా ఇదే.

రంగు గురించి మాత్రం ఇప్పుడే తగువు పడకండి. కవరు మారిస్తే రంగు మారుతుంది, లోతూ ఎత్తూ మారవు. మిగతా సామానుకి మేం పెట్టుకున్న పద్ధతి: ఎవరు ఎక్కువ వాడితే వాళ్ల మాట చెల్లుతుంది. రెండోవాళ్లు ఒక్కసారి మాత్రం కారణం చెప్పకుండా 'వద్దు' అనొచ్చు. నా పని కుర్చీ నేనే ఎంచుకున్నాను, పుస్తకాల అర తను ఎంచుకుంది. ఒక లైటు చూసి తను వద్దంది, నేను మళ్లీ అడగలేదు.

ఇవాళే పేపర్లు పరిచి ఆదివారం దాకా అలాగే వదిలేయండి. హాలు పొడవు, వెడల్పు, తలుపులు ఎటు తెరుచుకుంటాయో ఇక్కడ రాస్తే ఎంత సోఫా పడుతుందో నేనూ చూసి చెబుతాను.